డర్ట్ బైక్‌ని సూపర్‌మోటోగా మార్చడం: చక్రాలు మార్చాక మొదలయ్యే లెక్కలు

## క్లుప్తంగా

మట్టిలో నడిచే బండికి 17 అంగుళాల చక్రాలూ రోడ్డు టైర్లూ వేసి తారు ట్రాక్ మీదకి దింపితే అది సూపర్‌మోటో. ఆ ఒక్క మార్పుతోనే బండి ముందుకి వాలుతుంది, గేరింగ్ మారిపోతుంది, బ్రేకు మీదా ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్ళ సస్పెన్షన్) మీదా పడే భారం ఇంచుమించు రెట్టింపవుతుంది. మిగతా ఖర్చంతా ఈ తేడాల్ని సర్దడానికే. సరదాకి ట్రాక్ మీద తిరిగేవాళ్ళ డబ్బు ముందు చక్రాలకి, తర్వాత బ్రేకుకి, స్ప్రాకెట్లకి (చైను తిరిగే పళ్ళ చక్రాలకి), ఆపైన సస్పెన్షన్‌కి వెళ్ళాలి. ఇంజిన్ పవర్ పెంచాల్సిన అవసరం దాదాపు ఎవరికీ రాదు.

## ఇప్పుడీ చర్చ ఎందుకు

2024 నవంబర్‌లో మిలాన్‌లో జరిగిన ఐక్మా మోటార్‌సైకిల్ షోలో సుజుకీ డీఆర్-జెడ్4ఎస్‌ఎమ్‌ని, కేటీఎమ్ 390 ఎస్‌ఎమ్‌సీ ఆర్‌ని చూపించాక, చాలా ఏళ్ళుగా మూలన పడి ఉన్న సూపర్‌మోటో మళ్ళీ మాటల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీ బండి ధర చూసి వెనక్కి తగ్గినవాళ్ళూ, తమ దేశంలో అది అమ్మకానికి దొరకనివాళ్ళూ 'ఉన్న డర్ట్ బైక్‌నే మార్చుకుంటే పోలా' అనుకుంటారు. అయోమయం అక్కడే మొదలవుతుంది. ఒకరు రెండు రిమ్‌లు చాలంటారు, ఇంకొకరు 320 మి.మీ. డిస్క్ లేకుండా ట్రాక్ ఎక్కొద్దంటారు, మరొకరు వెనక షాక్ (షాక్ అబ్జార్బర్) పొట్టి చేయించమంటారు. ముగ్గురూ అబద్ధం చెప్పట్లేదు. ముగ్గురివీ వేర్వేరు బళ్ళు, అంతే.

ఈ ఆట పుట్టింది కాలిఫోర్నియాలో. 1979లో అమెరికన్ టీవీ చానల్ ఏబీసీ కోసం, గావిన్ ట్రిప్ అనే మోటార్‌సైకిల్ పత్రికా సంపాదకుడి ఆలోచనతో కార్ల్స్‌బాడ్ రేస్‌వేలో 'సూపర్‌బైకర్స్' అనే పోటీ పెట్టారు. రోడ్ రేసర్లు, మోటోక్రాస్ వాళ్ళు, డర్ట్ ట్రాక్ వాళ్ళు ఒకే ట్రాక్ మీద, సగం తారు సగం మట్టి మీద తలపడితే అందరిలో ఎవరు గొప్పో తేలిపోతుందని లెక్క. అమెరికాలో ఆ టీవీ పోటీ 80ల మధ్యలో ఆగిపోయినా యూరప్‌లో, ముఖ్యంగా ఫ్రాన్స్, ఇటలీల్లో అదే ఒక క్రీడగా ఎదిగింది. 2002 నుంచి ఎఫ్‌ఐఎమ్ (అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య) ప్రపంచ చాంపియన్‌షిప్ హోదా కూడా వచ్చింది. పోటీల్లో ఇప్పటికీ మట్టి ముక్క ఒకటి ఉంటుంది. అమెచ్యూర్లు సరదాకి తిరిగే ట్రాక్ డేల్లో మాత్రం ఎక్కువగా గో-కార్ట్ ట్రాక్‌నే వాడతారు కాబట్టి దాదాపు అంతా తారే. ఈ తేడా చిన్నది కాదు, సస్పెన్షన్ ఎంత తగ్గించాలి అన్న ప్రశ్నకి జవాబు దీన్నిబట్టే మారుతుంది.

## సుజుకీ చేసి చూపించిన కన్వర్షన్

కన్వర్షన్ అంటే ఏమిటో తెలియాలంటే, ఒక కంపెనీ తన డర్ట్ బైక్‌ని తనే మార్చుకున్నప్పుడు ఏమేం ముట్టుకుందో చూడటం మంచి దారి. సుజుకీ డీఆర్-జెడ్400ఎస్ అలాంటి బండి. మట్టికీ రోడ్డుకీ పనికొచ్చే ఈ బండికి 2005లో డీఆర్-జెడ్400ఎస్‌ఎమ్ అనే సూపర్‌మోటో రూపం తెచ్చారు. ఇంజిన్ అదే 398 సీసీ, అదే అయిదు గేర్లు.

ఇక మారినవి. (టైరు సైజులో మొదటి అంకె వెడల్పు మి.మీ.లో, రెండోది ఆ వెడల్పులో టైరు ఎత్తు ఎంత శాతమో, చివరిది రిమ్ వ్యాసం అంగుళాల్లో.) ముందు 80/100-21 టైరు పోయి 120/70-17 వచ్చింది. వెనక 120/90-18 స్థానంలో 140/70-17. ముందు డిస్క్ 250 మి.మీ. నుంచి 300కి పెరిగింది. మామూలు ఫోర్క్ తీసేసి తలకిందులుగా ఉండే గట్టి ఫోర్క్ పెట్టారు, దాని ట్రావెల్ (కిందికీ పైకీ కదిలే దూరం) 288 నుంచి 260 మి.మీ.కి తగ్గింది. వెనక 295 కాస్తా 276 అయింది. వెనక స్ప్రాకెట్‌కి 44 పళ్ళుండేవి, 41కి తగ్గించారు. ముందుది 15 పళ్ళతో అలాగే ఉంచారు.

ఈ చివరి అంకె దగ్గర కాసేపు ఆగాలి. టైరు సైజుల్నిబట్టి లెక్కేస్తే ఎస్ వెనక చక్రం మొత్తం వ్యాసం 673 మి.మీ., ఎస్‌ఎమ్‌ది 628. అంటే చక్రం దాదాపు 6.7 శాతం చిన్నదైంది. స్ప్రాకెట్ 44 నుంచి 41కి తగ్గడం 6.8 శాతం. పొట్టి చక్రం వల్ల పోయిన వేగాన్ని కంపెనీ మూడు పళ్ళు తీసేసి ఇంచుమించు పూర్తిగా వెనక్కి తెచ్చుకుంది. సస్పెన్షన్ ట్రావెల్ తగ్గింపు కూడా అంతే జాగ్రత్తగా ఉంది: ముందు 28, వెనక 19. ఇంటర్నెట్‌లో 'సగానికి సగం కోసేయండి' అనే సలహాలు చూసినవాళ్ళు ఈ అంకెలు గుర్తు పెట్టుకోవాలి. సుజుకీ ఆ బండిని రోడ్డు కోసం చేసింది, రేసు కోసం కాదనే మాట నిజమే. కానీ కొత్తగా ట్రాక్ ఎక్కేవాళ్ళకి కావాల్సింది కూడా ఆ స్థాయి బండే.

## ముందు చక్రం చిన్నదైతే బండి ఎటు పోతుంది

చాలామంది పట్టించుకోని సంగతి ఇది. 21 అంగుళాల ముందు టైరు వ్యాసం సుమారు 693 మి.మీ., 120/70-17ది 600. ఇరుసు దాదాపు 47 మి.మీ. కిందికి దిగుతుంది. వెనక కూడా దిగుతుంది గానీ అంత కాదు. మోటోక్రాస్ బండికి వెనక ఉండే 110/90-19 టైరు తీసి 150/60-17 వేస్తే దిగేది 34 మి.మీ. తేడా 12, 13 మి.మీ. కాబట్టి 1480 మి.మీ. వీల్‌బేస్ (రెండు చక్రాల ఇరుసుల మధ్య దూరం) ఉన్న బండి సుమారు అర డిగ్రీ ముందుకి వాలుతుంది. అదే 160/60 వేస్తే వెనక తక్కువ దిగుతుంది కాబట్టి వాలు 0.7 డిగ్రీ దాకా పోతుంది.

అర డిగ్రీయే కదా అనిపిస్తుంది. కానీ అసలు ప్రభావం వాలు వల్ల కంటే ట్రెయిల్ వల్ల వస్తుంది. ఫోర్క్ పైన హ్యాండిల్ తిరిగే ఇరుసు గీతని నేల దాకా పొడిగిస్తే అది నేలని తాకే చోటుకీ, టైరు నేలని తాకే చోటుకీ మధ్య దూరమే ట్రెయిల్. హ్యాండిల్ తనంతట తాను తిన్నగా నిలబడాలంటే ఇది తగినంత ఉండాలి. ఒక 450 సీసీ మోటోక్రాస్ బండికి రేక్ (ఆ గీత నిటారు నుంచి వెనక్కి వాలిన కోణం) 27 డిగ్రీలు, చక్రం ఇరుసు మొత్తం ఆఫ్‌సెట్ (ఆ గీత నుంచి అది ముందుకి జరిగి ఉన్న దూరం) 55 మి.మీ. అనుకుని లెక్కేస్తే 21 అంగుళాల చక్రంతో ట్రెయిల్ 115 మి.మీ. దగ్గర వస్తుంది. 17 చక్రం వేసి అర డిగ్రీ వాల్చగానే అది 88కి పడిపోతుంది. దాదాపు పావు వంతు మాయం. హ్యాండిల్ తేలిగ్గా, చురుగ్గా తిరగడం మొదలుపెడుతుంది, ఇరుకు మలుపుల్లో అది బాగానే ఉంటుంది. కానీ గట్టిగా బ్రేకు వేసినప్పుడు ఫోర్క్ లోపలికి నొక్కుకుని రేక్ ఇంకా తగ్గి, ముందు చక్రం అటూ ఇటూ ఊగులాడుతున్నట్టు అనిపిస్తుంది.

రేసు కోసం తయారైన బళ్ళు దీన్ని ట్రిపుల్ క్లాంప్‌తో (ఫోర్క్ కాళ్ళని పట్టి ఉంచే బిగింపుతో) సరిచేస్తాయి. కేటీఎమ్ మోటోక్రాస్ బండిలో క్లాంప్ ఆఫ్‌సెట్ 22 మి.మీ., అదే కంపెనీ రేసు సూపర్‌మోటో 450 ఎస్‌ఎమ్‌ఆర్‌లో 16. పై లెక్కలో ఆఫ్‌సెట్ ఆరు మి.మీ. తగ్గిస్తే ట్రెయిల్ 88 నుంచి 95కి తిరిగొస్తుంది. అమెచ్యూర్లకి ఇది మొదటి రోజే కొనాల్సిన వస్తువేం కాదు, ఖరీదు కూడా ఎక్కువే. దానికంటే ముందు చేయదగ్గది ఖర్చు లేని పని: వెనక సాగ్ (రైడర్ కూర్చుంటే సస్పెన్షన్ కుంగే దూరం) ఒక అయిదారు మి.మీ. పెంచడం, ఫోర్క్ ట్యూబుల్ని క్లాంపుల్లో పైకి జరపకుండా ఉంచడం. బండి ఎత్తు తగ్గించాలని చాలామంది ఆ ట్యూబుల్ని పైకి తోస్తారు. అప్పటికే ముందుకి వాలిన బండిని మరింత వాల్చడమే అది.

## రిమ్‌లు, టైర్లు

చక్రాల విషయంలో రెండు దారులున్నాయి. ఉన్న హబ్‌ల (చక్రం మధ్య భాగాల) మీదే 17 అంగుళాల రిమ్‌లు, కొత్త స్పోకులు వేయించుకోవడం ఒకటి. హబ్‌లతో సహా పూర్తి సెట్టు కొనడం రెండోది. మొదటిది చవక. కానీ మళ్ళీ మట్టిలోకి వెళ్ళాలంటే చక్రాలుండవు. కన్వర్షన్‌కి ఉన్న అతి పెద్ద సుగుణం ఆదివారం ట్రాకూ, వచ్చే ఆదివారం మట్టీ అని మార్చుకోగలగడం. దాన్ని వదులుకునేటప్పుడు ఫ్యాక్టరీ సూపర్‌మోటో కొనకుండా ఇదంతా ఎందుకు చేస్తున్నట్టు? అందుకే కాస్త ఖర్చయినా రెండో సెట్టే నయం.

వెడల్పు విషయంలో ముందు 3.5 అంగుళాల రిమ్ దాదాపు అందరూ ఒప్పుకునే కొలత. వెనక 4.25, 4.5, 5.0 అని మూడున్నాయి. మోటోక్రాస్ స్వింగార్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) సన్నటి టైరు కోసం చేసింది కాబట్టి 5.0 రిమ్ మీద 160 టైరు వేస్తే చాలా బళ్ళలో చైను టైరు అంచుకి రాసుకుంటుంది, లేదా రాసుకునేంత దగ్గరికొస్తుంది. 4.25 మీద 150/60 పెడితే ఆ టెన్షన్ లేదు. 450 సీసీ బండి పవర్‌కి అమెచ్యూర్ వేగాల్లో ఆ పది మి.మీ. తేడా తెలియదు కూడా.

టైరు రకం గురించి ఒక మాట. స్లిక్ టైర్లు (గాడులు లేని రేసు టైర్లు) చూడటానికి బాగుంటాయి, పట్టు కూడా గొప్పగా ఉంటుంది, కాకపోతే వేడెక్కాకే. వాటికి వార్మర్లు (టైరుని ముందే వేడిచేసే కప్పులు) కావాలి, ట్రాక్ మీదకి వెళ్ళాక ఆ వేడి నిలబెట్టేంత వేగం కావాలి. కొత్తవాళ్ళు ఆ వేగంతో తిరగరు కాబట్టి చల్లబడిన స్లిక్‌తో జారిపడే అవకాశమే ఎక్కువ. రేసు బండి 16.5 అంగుళాల ముందు రిమ్ వాడేది కూడా ఆ స్లిక్‌ల కోసమే. ఆ సైజులో రోడ్డు టైర్లు దొరకవు, కాబట్టి సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా 16.5 సెట్టు కనబడితే కొనే ముందు ఇది చూసుకోవాలి. మామూలు స్పోర్ట్ రోడ్డు టైర్లు ఒకటి రెండు ల్యాపుల్లోనే పనికొచ్చే వేడికి వస్తాయి. గాలి మాత్రం రోడ్డు బండికి నింపినట్టు 33, 36 పీఎస్‌ఐ పెట్టకూడదు. ఆ అంకె రెండు వందల కిలోల బండికి. నూట పది, నూట ఇరవై కిలోల బండి ఆ టైరుని అంతగా నొక్కలేదు, వేడెక్కించలేదు. ఇరవైల చివర మొదలుపెట్టి టైరు అరుగుదల చూసుకుంటూ మార్చుకోవడం మామూలు పద్ధతి.

## బ్రేకు: పెద్ద డిస్క్ ఎందుకు

మట్టిలో ముందు టైరు పట్టు తక్కువ, బ్రేకు కాస్త ఎక్కువైనా చక్రం లాకై జారిపోతుంది. అందుకని అక్కడ బ్రేకు సున్నితంగా ఉంటే చాలు. తారు మీద వేడెక్కిన టైరు ఇచ్చే పట్టు దానికి రెట్టింపు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఆ పట్టునంతా వాడుకోవాలంటే డిస్క్ దగ్గర పుట్టే టార్క్ కూడా ఆ మేరకి పెరగాలి.

ఇక్కడ చిన్న చక్రం కొంత సాయం చేస్తుంది. అదే డిస్క్, అదే క్యాలిపర్ (ప్యాడ్లతో డిస్క్‌ని నొక్కే భాగం) ఉన్నా చక్రం వ్యాసార్ధం 347 నుంచి 300 మి.మీ.కి తగ్గడంతో నేల దగ్గర ఆపే బలం 15 శాతం పెరుగుతుంది. 250 డిస్క్ తీసి 320 వేస్తే ఇంకో 30 శాతం దాకా కలుస్తుంది. మిగతాది క్యాలిపర్, మాస్టర్ సిలిండర్ (లివర్ దగ్గర ఫ్లూయిడ్‌ని తోసే భాగం), ప్యాడ్లు చూసుకోవాలి. కానీ పెద్ద డిస్క్ అసలు ప్రయోజనం బలం కంటే వేడి తట్టుకోవడంలో ఉంది. కిలోమీటరు పొడవున్న కార్ట్ ట్రాక్‌లో పది పన్నెండు మలుపులుంటాయి, అంటే ప్రతి నాలుగైదు సెకన్లకి ఒకసారి బ్రేకు. చిన్న సన్నటి డిస్క్‌కి చల్లబడే టైమే దొరకదు. పాత బ్రేక్ ఫ్లూయిడ్ మరిగిపోయి లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసేది ఇందుకే.

ఖర్చు తక్కువలో చేయాలనుకుంటే 320 డిస్క్, పాత క్యాలిపర్‌ని బయటికి జరిపే బ్రాకెట్, మంచి ప్యాడ్లు, స్టీల్ అల్లిక ఉన్న హోస్, కొత్త డాట్ 4 ఫ్లూయిడ్. మోటోక్రాస్ బండికి ఉండే రెండు పిస్టన్ల క్యాలిపర్ ఈ స్థాయికి సరిపోతుంది. నాలుగు పిస్టన్ల రేడియల్ క్యాలిపర్, దానికి తగ్గ రేడియల్ మాస్టర్ సిలిండర్ తర్వాతి మెట్టు. ఒకటి మార్చి రెండోది వదిలేస్తే లివర్ చెక్కలా గట్టిపడటమో, మరీ మెత్తబడటమో జరుగుతుంది. బ్రాకెట్‌ని మాత్రం ఏ లేత్ షాపులోనో మెత్తటి అల్యూమినియం పలకతో చేయించుకోవడం మంచిది కాదు, బండి ఆగడం మొత్తం ఆ రెండు బోల్టుల మీదే ఆధారపడి ఉంటుంది.

## సస్పెన్షన్: అసలు కష్టం ఇక్కడే

బ్రేకు బలపడిన తర్వాతే సస్పెన్షన్ లోపం బయటపడుతుంది. ఉజ్జాయింపుగా ఒక లెక్క వేసుకుందాం. బండీ మనిషీ కలిపి 190 కిలోలు, బరువు కేంద్రం నేల నుంచి 80 సెం.మీ. ఎత్తులో, వీల్‌బేస్ 148 సెం.మీ. మట్టిలో ఎంత గట్టిగా బ్రేకు వేసినా వేగం తగ్గే రేటు 0.45జీ (గురుత్వాకర్షణలో 0.45 వంతు) అనుకుంటే వెనక నుంచి ముందుకి మారే బరువు 46 కిలోలు. తారు మీద 0.9జీతో ఆగితే 92 కిలోలు. అంటే నిలబడి ఉన్నప్పుడు వెనక చక్రం మీద ఉన్న బరువంతా ఇంచుమించు ముందుకి వచ్చేసినట్టే. సూపర్‌మోటో ఫొటోల్లో వెనక చక్రం గాల్లో తేలుతూ కనిపించేది విన్యాసం కోసమే అనుకుంటారు గానీ అందులో సగం ఈ లెక్కే.

ఫోర్క్ ఒక్కో కాలిలో మి.మీ.కి 0.5 కిలోల స్ప్రింగ్ ఉంటే రెండూ కలిసి కిలో. అంటే మట్టిలో 46 మి.మీ. కుంగే ముందు భాగం తారు మీద 92 కుంగుతుంది, అదే సమయంలో వెనక భాగం పైకి లేస్తుంది. మలుపు దగ్గర బ్రేకు వేసినప్పుడు ముక్కు నేలకేసి, బ్రేకు వదిలి గ్యాస్ ఇవ్వగానే గాల్లోకి. ఈ ఊగుడు ఆగేదాకా టైరు మీద బరువు స్థిరంగా ఉండదు, బరువు స్థిరంగా లేని టైరు పట్టు నమ్మలేం.

మొదట చేయాల్సింది ఉన్న సర్దుబాట్లని వాడటం. కంప్రెషన్ (కుంగే వేగం) క్లిక్కర్లు బిగించడం, రీబౌండ్ (తిరిగి లేచే వేగం) నెమ్మది చేయడం, ఫోర్క్‌లో ఆయిల్ మట్టం కొంచెం పెంచడం. ఆయిల్ మట్టం పెంచితే పైన గాలి చోటు తగ్గి, ఫోర్క్ చివరి భాగంలో గట్టిపడుతుంది. దీనికి అయ్యేది ఒక ఆయిల్ డబ్బా ఖర్చు. మట్టికీ తారుకీ రెండింటికీ ఒకే బండి వాడేవాళ్ళు ఇక్కడే ఆగడం తెలివైన పని.

తారుకే అంకితం అనుకుంటే ఫోర్క్ లోపలా షాక్ లోపలా స్పేసర్లు వేసి ట్రావెల్ 25 నుంచి 50 మి.మీ. తగ్గించడం, రైడర్ బరువుకి తగ్గ గట్టి స్ప్రింగులు వేయడం తర్వాతి మెట్టు. దీనివల్ల బరువు కేంద్రం కిందికి దిగుతుంది, పైన చెప్పిన 92 కిలోల అంకె కూడా తగ్గుతుంది. మార్కెట్‌లో దొరికే లోయరింగ్ లింకులు ఈ పనికి పొట్టి దారిలా కనిపిస్తాయి. అవి వెనక భాగాన్ని దించుతాయి గానీ షాక్ మీద లివరేజ్ మార్చి అదే స్ప్రింగుని మెత్తగా చేసేస్తాయి. మనకి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం.

## గేరింగ్, క్లచ్, ఇంజిన్

డీఆర్-జెడ్ లెక్కే మోటోక్రాస్ బండికీ పనిచేస్తుంది, కాకపోతే అంకెలు పెద్దవి. 110/90-19 నుంచి 150/60-17కి వస్తే చక్రం పది శాతం చిన్నదవుతుంది. 13/49 స్ప్రాకెట్లతో (ముందు 13, వెనక 49 పళ్ళు) ఉన్న బండి ఏం మార్చకుండా ట్రాక్ ఎక్కితే రెండు మలుపుల మధ్యే మూడు గేర్లు మార్చాల్సి వస్తుంది, ఇంజిన్ ఎప్పుడు చూసినా అరుస్తూనే ఉంటుంది. 14/47 వేస్తే పాత నిష్పత్తికి దగ్గరగా వస్తుంది. ట్రాక్ పొడుగ్గా ఉంటే వెనక ఇంకా తగ్గించుకోవాలి. మూడు నాలుగు పళ్ళు మారితే చైను పొడవు కూడా మారుతుంది, పాత చైనుని లాగి బిగిస్తే వెనక ఇరుసు చోటు మారి వీల్‌బేస్ కూడా మారుతుంది. కొత్త చైనుతో కలిపే బడ్జెట్ వేసుకోవాలి.

స్లిప్పర్ క్లచ్ సూపర్‌మోటోకి గుర్తుగా మారిపోయింది. 450 సింగిల్ సిలిండర్ ఇంజిన్‌ని గేరు దించి క్లచ్ ఒక్కసారిగా వదిలితే ఇంజిన్ బ్రేకింగ్‌తో వెనక చక్రం టకటకా ఎగురుతుంది. స్లిప్పర్ క్లచ్ ఆ వెనక్కి లాగే టార్క్‌ని కొంత జారనిస్తుంది, అందువల్లే వెనక చక్రాన్ని పక్కకి జార్చుతూ మలుపులోకి దూరడం అదుపులో ఉంటుంది. కేటీఎమ్ 450 ఎస్‌ఎమ్‌ఆర్‌కి ఇది ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. అమెచ్యూర్లు మొదట్లో ఐడిల్ కొద్దిగా పెంచుకుని, క్లచ్ లివర్‌ని ఒకటి రెండు వేళ్ళతో మెల్లగా వదలడం నేర్చుకుంటే ఆ డబ్బు మిగులుతుంది, ఆ నేర్పు స్లిప్పర్ ఉన్న బండి మీదా పనికొస్తుంది.

ఇంజిన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు, ఒక్క హెచ్చరిక తప్ప. మోటోక్రాస్ ఇంజిన్ ఆయిల్ ఒక లీటరు అటూ ఇటూ, సర్వీసు లెక్క కిలోమీటర్లలో కాదు గంటల్లో. తారు మీద పట్టు ఎక్కువ కాబట్టి థ్రాటిల్ పూర్తిగా తెరిచి ఉంచే సమయం మట్టిలో కంటే పెరుగుతుంది. టైరు జారదు కాబట్టి ప్రతి కుదుపూ నేరుగా చైనుకీ గేర్‌బాక్సుకీ చేరుతుంది. రబ్బరు ముక్కలతో వచ్చే కుష్ హబ్ ఆ కుదుపుని తగ్గిస్తుంది, మోటోక్రాస్ హబ్‌లో అది ఉండదు. ఈ లెక్కన సెకండ్ హ్యాండ్ 450 తక్కువ ధరకి దొరికిందంటే ఇంజిన్ ఎన్ని గంటలు తిరిగిందో, పిస్టన్, వాల్వులు ఎప్పుడు చూశారో అడగకుండా కొనకూడదు. కన్వర్షన్ ఖర్చంతా ఒక్క ఇంజిన్ రిపేరుకి సరిపోతుంది.

అందుకే ఏ బండితో మొదలుపెట్టాలి అన్న ప్రశ్నకి జవాబు చాలామంది అనుకునేదానికి రివర్స్‌లో ఉంటుంది. 450 మోటోక్రాస్ తేలిక, చాసీ గట్టిది, చక్రాల సెట్లు విరివిగా దొరుకుతాయి. కానీ దాని పవర్ ఇరుకు ట్రాక్‌లో కొత్త రైడర్‌కి సాయపడదు, నేర్చుకోనివ్వదు. 250 ఫోర్ స్ట్రోక్, లేదా డీఆర్-జెడ్ లాంటి నెమ్మదైన బండి మీద అదే రైడర్ తొందరగా వేగం పుంజుకుంటాడు, డీఆర్-జెడ్‌కైతే ఆయిల్ మార్చే పనీ తక్కువ.

## ట్రాక్ గేటు దగ్గర అడిగేవి

ఇవి బండి నడకని మార్చవు గానీ ఇవి లేకుండా లోపలికి పంపరు. రేడియేటర్‌లో గ్లైకాల్ కూలెంట్ ఉండకూడదు, నీళ్ళే పోయాలి, ఎందుకంటే గ్లైకాల్ తారు మీద ఒలికితే నూనెలాగే జారుతుంది, తొందరగా ఆరదు. ఆయిల్ డ్రెయిన్ బోల్టులకి సేఫ్టీ వైర్, బ్రీదర్ గొట్టాలకి (ఇంజిన్ ఆవిరిని బయటికి వదిలేవాటికి) క్యాచ్ డబ్బా, ఇరుసుల చివర్లకీ ఫుట్‌పెగ్‌లకీ నైలాన్ స్లైడర్లు, హ్యాండిల్ చివర్లు మూసి ఉండటం. పడ్డ బండి ఇనుము తారుని గీరి గుంట చేస్తే ఆ ట్రాక్ మీద తర్వాత కార్టులు నడపాలి కదా, యజమానుల పట్టుదల అందుకే. రైడర్‌కి లెదర్ సూటు తప్పనిసరి. మోటోక్రాస్ జెర్సీ తారు మీద సెకను కూడా నిలవదు. మలుపులో కాలు చాపి నడిపేవాళ్ళకి బూటు అడుగున అరిగేందుకు ప్లాస్టిక్ స్లైడర్ వేసిన బూట్లుంటాయి.

## మన దగ్గర ఎక్స్‌పల్స్ సంగతి

అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకి పై లెక్కలన్నీ నేరుగా పనికొస్తాయి. కాలిఫోర్నియాలో రివర్‌సైడ్‌లోని ఆడమ్స్ మోటార్‌స్పోర్ట్స్ పార్క్ లాంటి కార్ట్ ట్రాక్‌లు సూపర్‌మోటోకి చోటిస్తాయి, పాత 450లూ చక్రాల సెట్లూ దొరుకుతాయి. ఇండియాలో అసలైన మోటోక్రాస్ బండి ధర లక్షల్లో ఉంటుంది కాబట్టి ఇక్కడ కన్వర్షన్ మాట రాగానే ముందు వినిపించేది హీరో ఎక్స్‌పల్స్ 200.

ఎక్స్‌పల్స్‌కి ముందు 90/90-21, వెనక 120/80-18. వెనక టైరు విదేశీ ఎండ్యూరో బళ్ళ టైరంత ఎత్తు కాదు, వ్యాసం 649 మి.మీ. మాత్రమే. మన మార్కెట్‌లో తేలిగ్గా దొరికే 17 అంగుళాల సైజులు ముందు 110/70, వెనక 140/70. ఇవి వేస్తే ముందు 55 మి.మీ. దిగుతుంది, వెనక 11 మాత్రమే. 44 మి.మీ. తేడాని 1410 మి.మీ. వీల్‌బేస్‌కి లెక్కేస్తే బండి దాదాపు 1.8 డిగ్రీలు ముందుకి వాలుతుంది. సుజుకీ కన్వర్షన్‌లో చక్రాల వల్ల వచ్చే వాలు ఒక డిగ్రీ లోపే, మోటోక్రాస్ బండిలో అర డిగ్రీ. మార్చిన ఎక్స్‌పల్స్ హ్యాండిల్ 'తెగ తేలిగ్గా ఉంది, కానీ స్పీడులో వణుకుతోంది' అని ఎవరైనా అంటే కారణం వెతుక్కోనక్కర్లేదు. వెనక 140/70 బదులు 150/60 వేస్తే, దానికి తగ్గ రిమ్‌తో, వాలు 1.5 డిగ్రీకి తగ్గుతుంది. ముందు 110కి బదులు 120/70 వేసినా దాదాపు అంతే తగ్గుతుంది. రెండూ కలిపి చేస్తే 1.2 దగ్గరికి వస్తుంది.

బ్రేకు విషయంలో అదృష్టం: 276 మి.మీ. డిస్క్ ముందే ఉంది, చిన్న చక్రం వల్ల ఇంకో 18, 19 శాతం బలం దానంతట అదే వస్తుంది. 19 హార్స్‌పవర్, దాదాపు 160 కిలోల బండికి మంచి ప్యాడ్లతో అది సరిపోతుంది. ఏబీఎస్ మాత్రం చక్రం సైజు మారిందని తెలియక తన లెక్కలో తాను ఉంటుంది, కాబట్టి దాని మీద ఆధారపడకూడదు. ట్రావెల్ ముందు 190, వెనక 170 మి.మీ.యే కాబట్టి పొట్టి చేయాల్సిన పనీ లేదు. గట్టి స్ప్రింగులు, చిక్కటి ఫోర్క్ ఆయిల్ చాలు.

ట్రాక్ దొరకడమే అసలు సమస్య. ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ట్రాక్ 3.7 కిలోమీటర్లు, పొడవాటి స్ట్రెయిట్లలో 19 హార్స్‌పవర్ బండికి చేసేదేం ఉండదు. కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే 2.1 కిలోమీటర్లు, ఈ రకం బండికి సరిగ్గా తగిన చోటు, కానీ హైదరాబాద్ నుంచి తొమ్మిది వందల కిలోమీటర్ల పైమాటే. దగ్గర్లోని కార్టింగ్ ట్రాక్ యజమానిని ఒప్పించి, నలుగురు కలిసి గంటల లెక్కన అద్దెకి తీసుకోవడం జరగగలిగే పని. ముందు అడగాల్సింది బారియర్ల గురించి. కార్టుల కోసం కట్టిన టైర్ల గోడ కొన్నిచోట్ల ట్రాక్ అంచుకి రెండు మూడు అడుగుల్లోనే ఉంటుంది. కార్టు దాన్ని గుద్దితే ఆగుతుంది, బైక్ నుంచి పడ్డ మనిషికి మాత్రం జారి ఆగేందుకు ఖాళీ కావాలి.

ఆ ట్రాక్‌కి బండిని నడుపుకుంటూ వెళ్ళడం కుదరదు. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. దారిలో ప్రమాదం జరిగితే బీమా కంపెనీ మొదట చూపించేది కూడా ఈ మార్పుల్నే. చక్రాల సెట్టు విడిగా ఉంచుకున్నవాళ్ళు ఒరిజినల్ చక్రాల మీద ట్రాక్‌కి వచ్చి అక్కడ మార్చుకోవచ్చు. పాత డిస్క్‌నీ పాత క్యాలిపర్‌నీ అలాగే ఉంచి, రెండు సెట్లకీ ఒకే కొలత డిస్క్ బిగించుకుంటే ఒక జాకీ స్టాండు, రెండు స్పానర్లతో అరగంట పని. డిస్క్ 320కి మార్చినవాళ్ళు, షాక్ పొట్టి చేయించినవాళ్ళు మాత్రం టాటా ఏస్ మాట్లాడుకోవాల్సిందే.